పిలిస్తేనే కదిలే కారు

కారు తాళం తిప్పి, స్టీరింగు ముందున్న అద్దం వెనక దీపాలన్నీ వెలిగాక, మా నాన్న నా వైపు చూడకుండానే "పిలు" అనేవాడు. పక్క సీట్లో కూర్చున్న నేను పిలవాలి. "ఆయిల్ ఎరుపు" అని నేనంటే "ఆయిల్ ఎరుపు" అని తనూ అనేవాడు. "బ్యాటరీ ఎరుపు", "బ్రేకు ఎరుపు", "ఇంజన్ పసుపు". ఇంజన్ స్టార్టయ్యాక ఆ దీపాలు ఆరిపోతాయి కదా, అవి ఆరినట్టు కూడా పిలవాలి. ఈ తంతు పూర్తయ్యేదాకా బండి అంగుళం కదలదు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. తెలుగు స్కూల్లో టీచర్ని. గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని, పొద్దున్నే వీధిలో పదిమంది చూస్తుండగా ఎరుపూ పసుపూ అని అరవడం ఎంత సొంపుగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

రైల్వే ఇంట్లో పుట్టనివాళ్లకు ఈ పిలుపేమిటో చెప్పాలి. రైలింజన్లో ఇద్దరుంటారు, డ్రైవరూ అసిస్టెంటూ. సిగ్నల్ కనపడగానే అసిస్టెంటు దాని రంగు పైకి చెబుతాడు. డ్రైవరు తన కళ్లతో చూసుకుని, చెయ్యెత్తి, అదే మాట తిరిగి చెబుతాడు. ఇద్దరూ చూసి ఇద్దరూ చెప్పాకే బండి ముందుకి. మా నాన్న ముప్పై ఏళ్లకు దగ్గరగా బెంగాల్లోని మా ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ వైపూ భద్రక్ వైపూ గూడ్సు బళ్లు నడిపాడు. ఇంట్లో కూడా అంతే. "పప్పు" అని అమ్మ గరిటె చూపిస్తే "పప్పు" అని తిరిగి చెప్పాకే కంచం ముందుకు జరిపేవాడు. నీకు పెళ్లాం కాదు, అసిస్టెంటు కావలసింది అని అమ్మ వేళాకోళం చేసేది.

ఎనభైల చివర్లో ఒక వైద్య పరీక్షలో ఆయన కళ్లు తప్పాయి. దూరపు చూపు బాగానే ఉంది. అర మైలు అవతల పట్టాల మీద మేక నిలబడితే చెప్పేవాడు. కానీ రంగులు వెలిసిపోయాయి. వయసు వల్లో, తాగిన బీడీల వల్లో, ఎరుపూ పసుపూ ఆయనకు ఒకే మట్టిరంగు అయిపోయాయి. రంగు చుక్కల మధ్య అంకె దాగి ఉండే పుస్తకం ఒకటి ముందు పెట్టారట. పేజీలు తిరిగాయి గానీ అంకె కనపడలేదట. ఆ రోజుతో ఆయన్ని ఇంజన్ మీంచి దించేశారు. రిటైరయ్యేదాకా నిమ్‌పురా ఇంజన్ షెడ్డు స్టోర్లో ఒక కుర్చీ ఇచ్చారు. అమ్మ వీధిలో అందరికీ నడుం నొప్పి అని చెప్పింది. నాన్న ఎవరికీ ఏమీ చెప్పలేదు. డ్రైవర్ సాబ్ అని పిలిచే నోళ్లు అలాగే పిలుస్తూ ఉండేవి, ఆయన అలాగే తలూపుతూ ఉండేవాడు. అసలు సంగతి ఇంట్లో మా ముగ్గురికే తెలుసు.

రిటైరయ్యాక గోల్‌బజార్ బట్టల సేఠుగారి పాత కారు నడిపాడు. గుండ్రటి ముట్టెతో ఉండే ఆ కారుకు ఒక ముల్లూ ఒక దీపమూ ఉండేవి. దీపం ఏనాడూ వెలిగిన పాపాన పోలేదు, ముల్లు దానికి తోచినప్పుడు కదిలేది. నాన్నకు వాటితో పనే లేదు. స్క్రూడ్రైవరు కొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏం నలతగా ఉందో చెప్పేసేవాడు. నూనె తగ్గిందా, ప్లగ్గులో మసి పట్టిందా, అన్నీ చెవితోనే. ఆ కారు నడిపిన నాలుగేళ్లూ ఆయన మొహంలో కళ తిరిగొచ్చింది. రంగుల అవసరమే లేని బండి అది. మేం తిరిగే దారుల్లో సిగ్నల్ దీపాలు ఎక్కడా లేవు, పోలీసు చెయ్యే సిగ్నల్.

ఆ కారు తుక్కుకి పోయిన ఏడాదే, అంటే తొంభైల ఆఖర్లో, మా వీధి చివరి ఇంట్లోకి ఒక సార్ అద్దెకొచ్చాడు. తెనాలి వైపు మనిషి, నా కంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాడు. క్యాంపస్‌లో క్వార్టర్ దొరికేదాకా మా వీధిలో ఉంటానని, వాళ్లమ్మగారిని కూడా తెచ్చుకున్నాడు. వచ్చిన నెలకే కొత్త కారు కొన్నాడు. లోపల కంప్యూటరున్న కారు, మా వీధికి అదే మొదటిది. దాని గురించి గంటసేపు చెప్పగలడు గానీ మహానుభావుడికి నడపడం రాదు. గుళ్లో ఎవరో మా నాన్న పేరు చెప్పారు. అలా ఆ కారు తాళం నాన్న చేతికొచ్చింది. పొద్దున సార్‌ని కాలేజీకి దింపడం, సాయంత్రం తేవడం. మా స్కూలు దారిలోనే కాబట్టి నన్నూ ఎక్కించుకోవచ్చని సార్ అన్నాడు.

మొదటి రోజే పేచీ వచ్చింది. నాన్న తాళం తిప్పాడు. దీపాలన్నీ వెలిగాయి. స్టార్టు చేశాడు. దీపాలన్నీ ఆరాయి. నాన్న వెంటనే ఇంజన్ ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది బాబాయిగారూ?" అన్నాడు సార్ వెనక సీట్లోంచి.

"దీపాలు పోనాయి సార్. బల్బులు మార్పించండి."

సార్‌కి అర్థం కాలేదు. నాకు అర్థమై తల పట్టుకున్నాను. రైల్వేలో ఆరిపోయిన సిగ్నల్ అంటే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. వెలగని దీపాన్ని ఎర్రదీపం కింద లెక్కగట్టి బండి ఆపాలి. దీపం లేని సిగ్నల్ దాటి పోయినవాడు డ్రైవరే కాదు. సార్ ముందుకు వంగి ఓపిగ్గా చెప్పాడు, కారులో పద్ధతి వేరని. తాళం తిప్పగానే కంప్యూటరు దీపాలన్నీ ఒకసారి వెలిగించి, నా దీపాలు బతికే ఉన్నాయి చూడు అని చూపిస్తుందట. ఆ తర్వాత అంతా బాగుంటే ఆర్పేస్తుందట. మళ్లీ వెలిగితేనే గొడవట. నాన్న తాళం మళ్లీ ఒకసారి తిప్పి చూశాడు.

"రైల్వేకి ఉల్టా అన్నమాట," అన్నాడు. "ఠీక్ హై. అలాగైతే వెలిగినప్పుడే అన్నీ సూసుకోవాల. లేపోతే ఆరిన దీపం మంచిదో సచ్చిందో ఎలా తెలుస్తాది?"

సార్‌కి ఆ మాట తెగ నచ్చింది. క్లాసులో నేను నాలుగు రోజులు చెప్పేది మీరు ఒక్క ముక్కలో చెప్పారన్నాడు. ఆ రోజే పిలుపు మొదలైంది. సార్ అది రైల్వే అలవాటనుకుని ముచ్చటపడ్డాడు. అలవాటు కూడా నిజమే. కానీ నాకు తెలుసు, ఆయనకు పిలుపు కావలసింది అందుకొక్కటే కాదు. దీపాలు గోరంత బొమ్మలు. ఆయిల్‌ది నూనెడబ్బా బొమ్మ, ఇంజన్‌ది ఇంజన్ బొమ్మ, రెండూ పక్కపక్కనే. కళ్లజోడు పెట్టుకుంటే బొమ్మ కనపడుతుంది, రోడ్డు మసకవుతుంది. తీసేస్తే రోడ్డు కనపడుతుంది, బొమ్మలు అలుక్కుపోతాయి. రంగేమో ఎలాగూ తెలియదు. ఆయిల్ దీపం ఎర్రగా వెలిగితే ఆ క్షణమే ఇంజన్ ఆపాలి, లేకపోతే పట్టేస్తుంది. ఇంజన్ దీపం పసుపుపచ్చగా వెలిగితే మెల్లగా ఇంటికి రావచ్చు. ఆ తేడా చెప్పడానికి నేను కావాలి. నేను పిలిచింది ఆయన తిరిగి పలికేటప్పుడు నిజంగా చూసి చెబుతున్నట్టే ఉండేది. సార్‌కి మాత్రం కళ్ల సంగతి చెప్పలేదు. చెబితే రెండోసారి దించేస్తారు. ఒకసారి దిగిన మనిషి ఆ స్టోర్లో కుర్చీలో ఎలా కూర్చున్నాడో నేను చూశాను. అందుకని నేనూ నోరు మూసుకున్నాను. కానీ సార్ వెనక సీట్లో నిశ్చింతగా పేపరు చదువుకుంటుంటే, నాకు లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకునేది.

ఆ కారుతో నాన్న పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. బానెట్ ఎత్తి కార్బురేటర్ కోసం వెతికాడు, లేదు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాడు, ఇంజన్ ఉలకదు పలకదు. నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ కాస్త జోరుగా తిరుగుతోందని ఒక మర తిప్పి తగ్గించాడు. రెండు నిమిషాల్లో అది మళ్లీ తన జోరుకి వచ్చేసింది. ఇంకోసారి తగ్గించాడు, మళ్లీ అంతే. సార్ నవ్వి, డాష్ బోర్డు కింద దాక్కున్న రేకు డబ్బాని చూపించాడు. కంప్యూటర్ అదేనట. ఇంజన్ ఎంత వేడెక్కింది, గాలి ఎంత పీలుస్తోంది, కాలు ఎంత నొక్కారు అని తీగల వెంట కబుర్లు తెప్పించుకుని, పెట్రోలు ఎన్ని చుక్కలు పొయ్యాలో క్షణక్షణం అదే నిర్ణయిస్తుందట. నాన్న మర తిప్పడం మానేశాడు. మన ఇంట్లో ఒకరిలాగే మొండిదని దానికి పేరు పెట్టాడు. ఎవరిలాగా అని నేనడిగితే నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం అమ్మతో అన్నాడట, ఆ బండి అన్నీ చెబుతుంది గానీ నాకు వినపడేలా చెప్పదు, దీపాలతో చెబుతుంది అని.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ అంతే. ఒక శనివారం ఎనిమిదో తరగతిలోకి అడుగు పెట్టానో లేదో, వెనక బెంచీ నుంచి "బ్యాటరీ ఎరుపు" అని సన్నగా వినపడింది. పక్క బెంచీ నుంచి "బ్యాటరీ ఎరుపు" అని జవాబు. తర్వాత క్లాసు క్లాసంతా అందుకుంది. స్టాఫ్ రూములో బెంగాలీ దీదీలు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చేసరికి నాన్న వరండాలో కూర్చుని, సార్ ఇచ్చిన కారు పుస్తకంలో బొమ్మలు చూస్తున్నాడు. చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాను. రేపట్నుంచి నేను పిలవను, నాకూ ఒక పరువుంది అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. నోరు జారాను.

"రైల్వేవాళ్లు నిన్ను దించేసి పదేళ్లయింది నాన్నా. ఇంకా డ్రైవరువనే అనుకుంటే నీ ఇష్టం. నేను మాత్రం నీ అసిస్టెంటుని కాదు."

నాన్న పుస్తకం మూసి, కళ్లజోడు తీసి మడిచి దాని మీద పెట్టాడు. వంటింట్లో అమ్మ చేతిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. అన్న క్షణమే నాకు తెలిసింది ఎంత మాటన్నానో. కానీ నా మొండితనం ఉందే, అది నన్ను వెనక్కి తిరగనివ్వలేదు.

మర్నాడు ఆదివారం. సార్ వాళ్లమ్మగారు మధ్యాహ్నం మద్రాసు బండికి ఊరెళ్తోంది. ఆవిడకు నేనంటే ఇష్టం, స్టేషన్ దాకా రమ్మని పిలిచింది. సార్ ఆ రోజు ముందు సీట్లో కూర్చున్నాడు, డ్రైవింగు చూసి నేర్చుకుంటానని. నేనూ అమ్మగారూ వెనక కూర్చున్నాం. తాళం తిప్పాక నాన్న ఒక క్షణం ఆగాడు. నా పిలుపు కోసమే ఆగాడని నాకు తెలుసు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన ఏమీ అడక్కుండా స్టార్టు చేశాడు.

అమ్మగారికి ఊళ్లో ఉన్న పెద్ద కోడలి కోసం బెంగాలీ నూలు నేత తాంతు చీర కావాలంటే గోల్‌బజార్ మీదుగా వెళ్లాం. చీర కొనడం అయింది. బజారు దాటుతుండగా, చేపల బుట్టల రిక్షాలూ ఆటోలూ క్రిక్కిరిసిన చోట, నాన్న చూపు ఒక్కసారి కిందికి దిగింది. నేను కాస్త ముందుకు వంగి ఆయన భుజం మీదుగా చూశాను. ఇంజన్ దీపం వెలిగింది. పసుపు. ఎండ అద్దం మీద పడి అదీ సరిగ్గా ఆనడం లేదు. సార్ వెనక్కి తిరిగి, మందులు ఏ సంచీలో పెట్టావని వాళ్లమ్మని అడుగుతున్నాడు.

"పిలు," అన్నాడు నాన్న. చాలా మెల్లగా.

నేను పిలవలేదు. పిలవాలని నోటిదాకా వచ్చింది. నిన్న అన్న మాట ఇంకా గొంతులోనే ఉంది, దాని పక్కనుంచి ఇంకో మాట రాలేదు. ఎంతసేపు? ఒక రెండు క్షణాలుంటుంది. నాన్న కారు పక్కకి కూడా తియ్యలేదు, తీసే చోటూ లేదు. ఉన్నచోటే ఆపి, ఇంజన్ కట్టేశాడు.

వెనక హారన్లు మొదలయ్యాయి. ఒక బెంగాలీ రిక్షావాడు ముందుకొచ్చి కీ హోలో, ఏమైంది అంటూ అద్దం మీద కొట్టాడు. బండి ఆగుతుండగానే సార్ ఇటు తిరిగి దీపం చూశాడు. "అది ఇంజన్ దీపమే బాబాయిగారూ, పసుపు. ఏం ఫర్వాలేదు, పోనివ్వండి. బండికి టైమవుతోంది," అన్నాడు. ఆ గొంతులో మొదటిసారి విసుగు వినపడింది. నాన్న చేతులు స్టీరింగు మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, మొదటి రోజు పెట్టుకున్నట్టే.

"నాకు పసుపో ఎరుపో తెలీదు సార్," అన్నాడు. "పదేళ్లయింది. రైల్వేవోళ్లు అందుకే నన్ను ఇంజన్ మీంచి దించేసినారు. నడుం నొప్పి కాదు. మీకు సెప్పనేదు. తప్పు నాదే."

బయట బజారంతా అరుస్తోంది. పదేళ్లుగా మా ఇంటి గోడల మధ్య కూడా ఆయన పైకి అనని మాట, గోల్‌బజార్ నడిరోడ్డు మీద అనేశాడు. నేను ఆ రెండు క్షణాలు నోరు తెరిచి ఉంటే అనవలసిన పని ఉండేది కాదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

"మరి ఇన్నాళ్లూ..." అన్నాడు సార్.

"పిల్ల పిలిసీది. నాను నమ్మీవోడిని."

సార్ వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నేను ఆయన కళ్లలోకి చూడలేక చీర పొట్లం తాడు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. అమ్మగారు నా చెయ్యి పట్టుకుంది. ఇక అంతా అయిపోయిందనుకున్నాను. తాళం ఇచ్చెయ్యమంటాడు, నాన్న దిగి నడుచుకుంటూ ఇంటికి పోతాడు, మళ్లీ ఆ స్టోర్లో కూర్చున్నట్టే వరండాలో కుర్చీ.

సార్ తాళం అడగలేదు. దీపాల పలక వైపు ఒకసారి చూసి, "హెయిర్ పిన్ ఉందామ్మా?" అన్నాడు నాతో. జడలోంచి తీసి ఇచ్చాను. ఆయన కిందికి వంగి, డాష్ బోర్డు కింద ఉన్న ఒక ప్లగ్గులో రెండు రంధ్రాలకి ఆ పిన్ను వంతెనలా గుచ్చాడు. కంప్యూటర్ తనకు ఏ బాధ వచ్చిందో గుర్తు పెట్టుకుంటుందట. ఇలా అడిగితే ఆ దీపాన్నే ఆర్పి వెలిగించి చెబుతుందట. ఇంజన్ స్టార్టు చెయ్యకుండా తాళం మాత్రం తిప్పమన్నాడు.

"రంగు వదిలెయ్యండి బాబాయిగారూ," అన్నాడు. "ఎన్నిసార్లు మెరుస్తుందో లెక్కపెట్టండి."

నాన్న చేతిని గొడుగులా పట్టి ఎండకి అడ్డం పెట్టుకుని వంగాడు. దీపం ఒకసారి మెరిసి ఆగింది. తర్వాత గబగబా నాలుగుసార్లు. చాలాసేపు ఆగి, మళ్లీ ఒకటి, నాలుగు. నాన్న పెదాలు కదులుతున్నాయి. ఇంజన్ కూతలు ఇన్ని పొట్టివి, ఇన్ని పొడుగువి అని లెక్కపెట్టి, దూరపు బండి ఏం అడుగుతోందో చెప్పిన మనిషి ఆయన. మూడోసారి మెరవడం పూర్తవకముందే, "ఒకటి, నాలుగు" అన్నాడు. సార్ ఇంకా వేళ్లు మడుస్తూనే ఉన్నాడు. వెనక హారన్లు ఎంత మోగినా నాన్న తల తిప్పలేదు. ఆ బండి తనకు అందేలా మాట్లాడటం అదే మొదటిసారి.

నాన్న పొద్దున తిరిగి కారులో పెట్టిన పుస్తకం తీసి సార్ చూశాడు. ఇంజన్ వేడి కొలిచే తీగ దగ్గర్నుంచి కబురు రావడం లేదట. ఆ సాయంత్రం సార్ అతికించేటప్పుడు చూస్తే ఎలక కొరికిన తీగ అది. కబురు రాకపోతే కంప్యూటర్ ఇంత వేడి ఉండొచ్చులే అని ఒక అంచనా వేసుకుని బండి నడిపిస్తుందని, మెల్లగా పోతే ప్రమాదం లేదని సార్ చెప్పాడు.

"సిగ్నల్ ఫెయిలయితే స్టేషన్ మాస్టారు కాగితం ఇస్తాడు సార్, మెల్లగా పొమ్మని. అలాగన్నమాట."

"అలాగే."

"మరి కాగితం?"

సార్ నవ్వబోయి, నాన్న మొహం చూసి మానుకున్నాడు. అమ్మగారు అరటిపళ్లు ఉన్న ఠోంగా ఖాళీ చేసి ఇచ్చింది. ఎవరో పిల్లవాడి పాత లెక్కల పరీక్ష కాగితంతో చేసిన సంచీ అది. దాని వెనక సార్ తెలుగులో రాశాడు: ఇంజన్ దీపం పసుపు వెలుగుతున్నది, గంటకు ఇరవై కిలోమీటర్లు మించకుండా స్టేషన్ వరకు పోవచ్చును. కింద సంతకం, టైము. నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, కళ్లజోడు తీశాడు, స్టార్టు చేశాడు. గోల్‌బజార్ నుంచి స్టేషన్ దాకా సైకిళ్లు కూడా మమ్మల్ని దాటిపోయాయి. మద్రాసు బండి ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. ఎక్కేముందు అమ్మగారు నాన్నతో, మీరు ఆపారు చూశారూ, అందుకే మా అబ్బాయిని మీ చేతిలో పెట్టి నిశ్చింతగా వెళ్తున్నాను అన్నయ్యగారూ అంది. నాన్న ఆవిడ సంచీ అందుకుని లోపల పెట్టి వచ్చాడు.

ఇంటికొచ్చాక తప్పయింది నాన్నా అన్నాను. అన్నం తినేశావా అని అడిగాడు. అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే నాన్న సార్ ఇంటికి వెళ్లి తాళం అరుగు మీద పెట్టాడు. నేనూ వెనకే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. ఇక నడపనని అనడానికి వచ్చాడేమో అనుకున్నాను. ఆయన ఒక షరతు చెప్పడానికి వచ్చాడు. నా కళ్ల సంగతి తెలిసి కూడా మీరు తాళం ఇస్తానంటే నడుపుతాను, కానీ పక్కన పిలిచే మనిషి లేకుండా బండి కదపను, ఒక్క గజం కూడా అన్నాడు. వంద రూపాయలు ఎక్కువిస్తాననో తక్కువిస్తాననో మాట్లాడేవాళ్లను చూశాను గానీ, ఇలా బేరం పెట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. సార్ తాళం తీసి నాన్న చేతిలో పెట్టాడు. తను ఉన్నప్పుడు తనే పిలుస్తానని, రంగులూ అంకెలూ రెండూ చెబుతానని అన్నాడు. చెబుతూనే ముందు తలుపు తియ్యబోయాడు.

నేను ఆయన కన్నా ముందు వెళ్లి ఆ సీట్లో కూర్చున్నాను. మా ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు సైకిళ్లు ఆపి చూస్తున్నారు. చూడనీ. సార్ వెనక ఎక్కాడు. నాన్న తాళం తిప్పాడు. దీపాలన్నీ వెలిగాయి. ఆయన "పిలు" అనలేదు. నిన్న అడిగితే పలకని మనిషిని ఇవాళ మళ్లీ అడగడానికి ఆయనకు మనసొప్పలేదు.

"ఆయిల్ ఎరుపు," అన్నాను. వీధి చివరిదాకా వినపడేలా అన్నాను.

ఆయన తిరిగి పలుకుతాడని ఆగాను. పలకలేదు. చూశావా నాన్నా అని అడిగాను. ఆయన దీపాల అద్దం వైపు చూడనైనా చూడలేదు, రోడ్డు వైపే చూస్తున్నాడు.

"నువ్వు సూసినావు గదా," అన్నాడు. "సాలు. తరవాతది సెప్పు."